ల్యాబ్ రత్నాలు: ఏ రాయికి ఏ పద్ధతి, ఎక్కడ దేన్ని ఎంచుకోవాలి

ల్యాబ్‌లో రత్నం పెంచడానికి ఏ పద్ధతి బెస్ట్ అని ఎవరైనా అడిగితే నేను వెంటనే జవాబు చెప్పను, ఏ రాయి అని ఎదురు అడుగుతా. ఎందుకంటే కెంపుని మంటలో ఒక్క పూటలో పెంచేయొచ్చు, అదే మంటలో పచ్చ పెంచుదామంటే పచ్చ రాదు, పలుగురాయి పొడి వేస్తే గాజు వస్తుంది, వజ్రాన్ని పెడితే ఏకంగా కాలి గాలిలో కలిసిపోతుంది. అంటే సగం రాళ్ళ విషయంలో ఎంచుకోవడానికి మన చేతిలో పెద్దగా ఏమీ లేదు, రాయే తేల్చేస్తుంది. మిగతా సగంలోనే అసలు పోలిక ఉంది, అక్కడ టైమా, శుభ్రతా, సైజా, సేఫ్టీనా, దేనికోసం దేన్ని వదులుకుంటాం అన్నదే లెక్క.

మొదలుపెట్టే ముందు ఒక మాట. సింథటిక్ అంటే నకిలీ అనుకునేవాళ్ళు ఇంకా చాలామందే ఉన్నారు. ల్యాబ్‌లో పెరిగిన కెంపు కూడా కెంపే, అదే అల్యూమినియం ఆక్సైడు, అందులో అదే క్రోమియం, మోస్ స్కేల్ మీద గట్టిదనం అదే 9. ఎర్ర గాజు ముక్క చూపించి కెంపు అంటే, నకిలీ అంటే అది. క్యూబిక్ జిర్కోనియా సంగతి ఇంకోలా ఉంటుంది, అది వజ్రం అని చెప్పి ఇస్తే మోసం, దాని పేరు దానికి పెట్టి ఇస్తే నికార్సైన క్రిస్టలే.

క్రిస్టల్ పెరగడానికి దారులు మూడే. వేడికి కరిగించి మెల్లగా గడ్డకట్టించడం ఒకటి, ఇంకేదైనా ద్రవంలో కరిగించి అందులోంచి బయటికి రప్పించడం రెండోది, వాయువు నుంచి నేరుగా పొరలు పొరలుగా పేరేలా చేయడం మూడోది. మనకి తెలుగులో ఐస్ కరిగినా ఉప్పు కరిగినా కరగడమే, ఇక్కడ మాత్రం ఆ తేడా మీదే కథంతా నడుస్తుంది కాబట్టి వేడికి కరిగేదాన్ని మెల్ట్ అనీ, ద్రవంలో కరిగేదాన్ని డిజాల్వ్ అనీ అంటాను, ఏమనుకోకండి. రాయిని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: నువ్వు మెల్ట్ అయ్యాక మళ్ళీ నువ్వుగానే గడ్డకడతావా? అవునంటే అదే చవకైన దారి, ఇంకేం వెతకొద్దు. కాదంటే నిన్ను డిజాల్వ్ చేసే ద్రవం ఏదైనా ఉందా అని అడగాలి. అదీ కుదరకపోతే వాయువు దారి.

కెంపు, నీలం: అన్ని దారులూ తెరిచే ఉన్న రాయి

పద్ధతుల్ని నిజంగా పక్కపక్కన పెట్టి చూడాలంటే కెంపుని మించిన రాయి లేదు, ఎందుకంటే మెల్ట్‌లోంచీ ద్రావణంలోంచీ కూడా దీన్ని పెంచారు. కెంపు, నీలం రెండూ కురువిందమే, అంటే అల్యూమినియం ఆక్సైడు క్రిస్టలే, క్రోమియం పడితే ఎరుపు, ఇనుమూ టైటానియమూ కలిసి పడితే నీలం. సుమారు 2050 డిగ్రీల సెల్సియస్ దగ్గర శుభ్రంగా మెల్ట్ అవుతుంది, మళ్ళీ కురువిందంగానే గడ్డకడుతుంది, విడిపోదు, గాజు అవ్వదు, పేచీ పెట్టదు.

అన్నిటికన్నా తేలిక ఫ్లేమ్ ఫ్యూజన్. ఫ్రెంచ్ కెమిస్ట్ ఆగుస్త్ వెర్నొయ్ 1902లో లోకానికి చెప్పిన పద్ధతి, నూరేళ్ళు దాటినా మెషిన్ ఐడియా పెద్దగా మారలేదు. పైన డబ్బాలో బాగా మెత్తటి అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడు) పొడి, అందులో రంగు కోసం కొంచెం క్రోమియం ఆక్సైడు, డబ్బా నెత్తి మీద చిన్న సుత్తి టకటకా కొడుతూ ఉంటే పొడి చిటికెడు చిటికెడుగా ఆక్సిజన్‌తో పాటు కిందికి రాలుతుంది, హైడ్రోజన్ కలిసి మండే మంటలోంచి దిగేటప్పుడు మెల్ట్ అయి కింద పీఠం మీద పడుతుంది, పీఠాన్ని మెల్లగా దించుతూ పోతే మొగ్గలాంటి కడ్డీ ఒకటి పెరుగుతుంది, దాన్నే బూల్ అంటారు. మూస, అంటే కరిగించే గిన్నె, అక్కర్లేదు, కాబట్టి మూస నుంచి వచ్చే మలినాల గొడవే లేదు. గంటల్లో పని అయిపోతుంది. పాత వాచీల మీద 17 జ్యువెల్స్ అని రాసి ఉండేది గుర్తుందా, ఆ జ్యువెల్స్ అంటే లోపల ఇరుసులు అరిగిపోకుండా కూర్చోబెట్టిన ఇలాంటి సింథటిక్ కెంపులే, అసలు ఈ పరిశ్రమని నిలబెట్టింది నగల కన్నా వాచీలే అంటాను నేను.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. బూల్ పైభాగం మహా వేడిగా, కింది భాగం అంతకన్నా చాలా చల్లగా ఉంటుంది కదా, ఆ తేడా అంతా ఒత్తిడిగా లోపల మిగిలిపోతుంది, చల్లారాక చిన్న దెబ్బ తగిలితే నిలువునా రెండుగా చీలుతుంది, చాలాసార్లు కావాలనే అలా చీల్చి ఒత్తిడి వదిలించుకుంటారు. రెండోది, ప్రతి పొరా గుండ్రటి నెత్తి మీద గడ్డకడుతుంది కాబట్టి లోపల వంపు తిరిగిన సన్నటి గీతలు, పాత గ్రామఫోన్ రికార్డు మీద గాడుల్లాగా మిగిలిపోతాయి, అక్కడక్కడా గాలి బుడగలు కూడా. భూమిలో పెరిగిన కెంపులో గీతలు ఉంటే నిటారుగా, కోణాలు తిరిగి ఉంటాయి, వంపు ఉండదు. పది రెట్లు చూపించే లెన్స్ చేత్తో పట్టుకుని ఓపిగ్గా తిప్పి చూస్తే చాలా రాళ్ళు ఇక్కడే దొరికిపోతాయి.

ఒత్తిడి తక్కువగా, ఇంకా శుభ్రంగా కావాలంటే చొక్రాల్‌స్కీ పద్ధతి. పోలండ్‌కి చెందిన యాన్ చొక్రాల్‌స్కీ 1916లో సిరాబుడ్డి అనుకుని పొరపాటున కరిగిన తగరంలో పెన్ను ముంచి తీశాడని, పాళీకి సన్నటి తీగ ఒకటి వేలాడుతూ వచ్చిందని, చూస్తే ఆ తీగ మొత్తం ఒకే క్రిస్టల్ అని తేలిందని చెప్తారు. ఇప్పుడు కంప్యూటర్ చిప్పుల సిలికాన్ కడ్డీలు ఎక్కువగా ఇలాగే లాగుతున్నారు. మూసలో మెల్ట్ చేసి పెట్టుకున్న పదార్థానికి పైనుంచి సీడ్ (విత్తనంలా పనిచేసే చిన్న క్రిస్టల్ ముక్క) తాకించి, దాన్ని తిప్పుతూ గంటకి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున పైకి లాగడం, అంతే. తిరకాసు అంతా మూసతోనే. 2050 డిగ్రీల ద్రవాన్ని పట్టుకుని నిలబడే గిన్నె ఏది? ప్లాటినం 1768 దగ్గరే కరిగిపోతుంది. ఇరిడియం 2446 దాకా ఆగుతుంది గానీ అది మహా అరుదైన లోహం, పైగా ఆ వేడిలో ఆక్సిజన్ ఎక్కువ తగిలితే కొంచెం కొంచెంగా ఆవిరైపోతుంది, అందుకని చుట్టూ జడ వాయువు నింపి ఉంచాలి. లేజర్ కడ్డీలకి ఈ ఖర్చు పెట్టడంలో అర్థం ఉంది. 1960లో థియోడర్ మైమన్ మొట్టమొదటి లేజర్‌ని వెలిగించింది సింథటిక్ కెంపుతోనే, లేజర్ కడ్డీలో గీతలుంటే వెలుగు చెదిరిపోతుంది. ఉంగరంలో రాయికి ఇంత హడావుడి దండగ. ఇదే కుటుంబంలో కైరోపౌలోస్ అని ఇంకోటి ఉంది, అందులో క్రిస్టల్‌ని లాగరు, మూసలోనే మెల్లగా చల్లబడనిస్తారు, పదుల కిలోల సఫైర్ (రంగులేని కురువిందం) దిమ్మలు వస్తాయి, ఎల్ఈడీల కింద వేసే పలకలకీ వాచీ అద్దాలకీ కోసేది వాటినే.

ఇక ఫ్లక్స్. ఇది రెండో దారి, డిజాల్వ్ చేసే దారి. కురువిందం నీళ్ళలో కరగదు గానీ లెడ్ ఫ్లోరైడు, లెడ్ ఆక్సైడు లాంటివి కరిగి ద్రవమైతే వాటిలో కరుగుతుంది, అలాంటి ద్రవాన్నే ఫ్లక్స్ అంటారు, అదీ తన మెల్టింగ్ పాయింట్‌కి చాలా కింద, 1300 డిగ్రీల చుట్టుపక్కలే. అంటే ఇక్కడ ప్లాటినం మూస సరిపోతుంది. ఆ ద్రావణాన్ని గంటకి డిగ్రీయో రెండు డిగ్రీలో చొప్పున వారాలు, నెలల తరబడి చల్లారుస్తూ పోతే మంటలో వచ్చే మొగ్గలా కాకుండా అసలైన ముఖాలతో, కోణాలతో క్రిస్టల్స్ వస్తాయి, చూడ్డానికి గనిలోంచి తీసినట్టే ఉంటాయి. వెలుపలే కాదు, లోపల కూడా, ఫ్లక్స్ చుక్కలు ఇరుక్కుపోయి పల్చటి మేలిముసుగు లాంటి మచ్చలు ఏర్పడతాయి, అవి సహజ కెంపులో వేలిముద్రల్లా కనిపించే మచ్చల్ని చాలావరకు పోలి ఉంటాయి, అనుభవం ఉన్నవాళ్ళని కూడా తికమక పెట్టేది ఇదే. ఒక్కోసారి మూస నుంచి రాలిన ప్లాటినం రేకులు త్రికోణాలుగా, ఆరుపలకలుగా మెరుస్తూ లోపల కనిపిస్తాయి, అవి కనిపిస్తే ఇక వాదన అక్కర్లేదు, భూమిలో ప్లాటినం మూసలు లేవు కదా.

హైడ్రోథర్మల్ కెంపు, అంటే మహా వేడి, ఒత్తిడి ఉన్న నీళ్ళలో డిజాల్వ్ చేసి పెంచేది కూడా ఉంది, కానీ దాని గురించి ఎక్కువ చెప్పను. కెంపుకి అది అవసరానికి మించిన శ్రమ.

మరి కెంపుకి ఏది ఎంచుకోవాలి? సాన పట్టడం నేర్చుకునేవాళ్ళకి, బేరింగులకి, ఎర్రగా మెరిసే గట్టి రాయి ఒకటి ఉంగరంలో ఉంటే చాలు అనుకునేవాళ్ళకి ఫ్లేమ్ ఫ్యూజన్ కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు, ఆ వంపు గీతలు లెన్స్ లేకుండా ఎవరికీ కనపడవు. ఆప్టిక్స్‌కైతే చొక్రాల్‌స్కీ. ఫ్లక్స్ ఎవరికంటే క్రిస్టల్‌ని క్రిస్టల్‌గా ప్రేమించేవాళ్ళకి, అంటే సాన పట్టకుండా ముఖాలు చూసుకుంటూ దాచుకునేవాళ్ళకి. ఫ్లక్స్ రాయి ఎక్కువ అసలైనది అని అమ్మే మాట మాత్రం నమ్మొద్దు, రెండూ ఒకే కురువిందం, ఒకటి తొందరగా వచ్చింది ఇంకోటి ఆలస్యంగా వచ్చింది, అంతే తేడా.

పచ్చ: మంటకి లొంగని రాయి

పచ్చ అంటే బెరిల్, బెరిలియం, అల్యూమినియం, సిలికా కలిసి కట్టిన రాయి. దీన్ని మామూలు ఒత్తిడిలో మెల్ట్ చేస్తే వేరే పదార్థాలుగా విడిపోతుంది, చల్లార్చినా మళ్ళీ బెరిల్ కాదు. కాబట్టి మొదటి దారి మూసుకుపోయినట్టే, మిగిలింది డిజాల్వ్ చేయడం, అందులో రెండు రకాలు.

ఫ్లక్స్ పచ్చని వ్యాపారంగా నిలబెట్టినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సింది శాన్‌ఫ్రాన్సిస్కోలోని క్యారల్ చాథమ్, 1930లలో సాధించాడు. తర్వాత ఫ్రాన్స్‌లో పియేర్ గిల్సన్ 1960లలో మార్కెట్‌లోకి తెచ్చాడు. లిథియం మాలిబ్డేట్ లాంటి ఫ్లక్స్‌లో, సుమారు 800 డిగ్రీల దగ్గర, ఒక ఏర్పాటు నాకు భలే నచ్చుతుంది: సిలికా తేలికైంది కాబట్టి పైన తేలుతుంది, బెరిలియం, అల్యూమినియం ఆక్సైడులు అడుగున ఉంటాయి, రెండూ కొంచెం కొంచెంగా డిజాల్వ్ అయి మధ్యలో కలుసుకుంటాయి, సీడ్స్ కూడా తేలిపోయే రకమే కాబట్టి వాటి మీద ప్లాటినం జల్లెడ అడ్డం పెట్టి మధ్యలోనే ఆపుతారు. పెరుగుదల నెలకి ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. ఉంగరానికి సరిపోయే రాయి కావాలంటే ఏడాది దాకా ఓపిక పట్టాల్సిందే, మధ్యలో ఉష్ణోగ్రత అటూ ఇటూ అయ్యిందా, కావలసిన పచ్చ కాకుండా ఇంకేవో క్రిస్టల్స్ మొలుస్తాయి.

హైడ్రోథర్మల్‌లో ద్రవం నీళ్ళే, కానీ 500, 600 డిగ్రీల వేడిలో, వాతావరణానికి వెయ్యి రెట్ల దాకా వెళ్ళే ఒత్తిడిలో, ఆటోక్లేవ్ అనే దళసరి ఉక్కు పాత్రలో బిగించిన నీళ్ళు. ద్రావణం ఉక్కునే తినేస్తుంది కాబట్టి లోపల బంగారం లాంటి లోహపు పూత, అస్తరు ఉండాలి. ఆస్ట్రియాలో యోహాన్ లెక్‌లైట్నర్ 1960లో మొదట సహజ బెరిల్ మీద పైపొరగా పచ్చని పెంచాడు, 1965 కల్లా అమెరికాలో లిండె కంపెనీ పూర్తి రాయినే తెచ్చింది. ఫ్లక్స్‌లో నెలలు పట్టేది ఇక్కడ వారాల్లో అవుతుంది.

రెండింటిలో ఏది అంటే, వేగం కావాలంటే హైడ్రోథర్మల్, ఒత్తిడి పాత్రల జోలికి వెళ్ళే ధైర్యం లేకపోతే ఫ్లక్స్. రాయిగా చూస్తే హైడ్రోథర్మల్ పచ్చ లోపల నీటి జాడ ఉంటుంది, సహజ పచ్చలో కూడా ఉంటుంది, ఫ్లక్స్ పచ్చలో మాత్రం ఉండదు, ఇన్‌ఫ్రారెడ్‌లో పెట్టగానే ఈ ఒక్క విషయంతో ఫ్లక్స్ రాయి బయటపడిపోతుంది. దాని బరువు కూడా కొంచెం తక్కువ, సాంద్రత 2.65 దగ్గర, సహజానిది మామూలుగా 2.7 చుట్టూ. హైడ్రోథర్మల్ రాళ్ళలో బాణం మొనల్లా వరుసగా పేర్చినట్టు ఉండే గీతలు, మేకు తలకాయల్లాంటి మచ్చలు చూసి పట్టుకుంటారు. ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి, బెరిలియం ఆక్సైడు పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే బాగుచేయలేని జబ్బు రావచ్చు, పచ్చ పెంచడం అనేది సరైన ఏర్పాట్లు లేని కాలేజీ ల్యాబ్‌లో సరదాగా మొదలుపెట్టే ప్రాజెక్టు అస్సలు కాదు. తయారైన రాయి పెట్టుకోవడానికి ఏ భయమూ లేదు, ప్రమాదమంతా పొడితోనే.

పలుగురాయి (క్వార్ట్జ్, స్ఫటికం అన్నా ఇదే) జాతి గురించి త్వరగా చెప్పేస్తా, ఇక్కడ ఎంపికే లేదు. సిలికాని మెల్ట్ చేస్తే జిగటగా అయిపోయి చల్లారాక గాజు అవుతుంది, పైగా 573 డిగ్రీలు దాటితే స్ఫటికం లోపలి అమరికే మారిపోతుంది, కాబట్టి దానికన్నా కిందే పెంచాలి, అంటే హైడ్రోథర్మల్ ఒక్కటే. రెండో ప్రపంచ యుద్ధంలో రేడియోలకి బ్రెజిల్ స్ఫటికం చాలక దీని మీద పట్టుబట్టి పనిచేశారు, ఇప్పుడు గడియారాల్లో ఫోన్లలో తిరిగే క్వార్ట్జ్ అంతా దీని సంతానమే. ఆటోక్లేవ్ అడుగున వేడిగా ఉన్న చోట పలుగురాయి ముక్కలు డిజాల్వ్ అవుతాయి, పైన కొంచెం చల్లగా ఉన్న చోట సీడ్ పలకల మీద పేరుకుంటాయి, రోజుకి మిల్లీమీటరో అంతకన్నా తక్కువో. ఇనుము కలిపి పెంచి ఆ తర్వాత గామా కిరణాలు పట్టిస్తే ఊదారంగు అమెథిస్ట్. రంగులేనిది రత్నం కోసం పెంచడం దండగ, సహజమే కావలసినంత దొరుకుతుంది.

వజ్రం: పేర్లు కొత్తవి, దారులు పాతవే

వజ్రం దగ్గరికి వచ్చేసరికి హెచ్‌పీహెచ్‌టీ (ఎక్కువ ఒత్తిడి, ఎక్కువ వేడి), సీవీడీ (వాయువు నుంచి పొరలుగా పేరేలా చేయడం) అని రెండు పేర్లు విని జనం కంగారుపడతారు. నిజానికి హెచ్‌పీహెచ్‌టీ అంటే మనం ఇప్పటిదాకా చెప్పుకున్న ఫ్లక్స్ పద్ధతే, కాకపోతే ఫ్లక్స్ ఇక్కడ కరిగిన ఇనుము, నికెల్, కోబాల్ట్ లాంటి లోహం, అందులో డిజాల్వ్ అయ్యేది కార్బన్. వేడిగా ఉన్న చివర గ్రాఫైట్ కరిగి, చల్లగా ఉన్న చివర సీడ్ మీద వజ్రంగా పేరుతుంది. గ్రాఫైట్‌గా కాకుండా వజ్రంగానే పేరాలంటే ఒత్తిడి వాతావరణానికి 50, 60 వేల రెట్లు, వేడి 1300 నుంచి 1600 డిగ్రీలు కావాలి, అదే కష్టం. స్వీడన్‌లో ఏఎస్‌ఈఏ కంపెనీ 1953లోనే సాధించి బయటికి చెప్పకుండా ఊరుకుంది, 1954 డిసెంబర్‌లో జనరల్ ఎలక్ట్రిక్‌లో ట్రేసీ హాల్ చేసింది మాత్రం మరుసటి ఏడాది మొదట్లోనే ప్రకటించేశారు, పేరంతా వాళ్ళకే వచ్చింది. అవన్నీ అరగదీయడానికి పనికొచ్చే నలుసులు, నగకి పనికొచ్చే సైజు 1970లో వచ్చింది.

సీవీడీ మూడో దారి. ఒత్తిడి మామూలు గాలి ఒత్తిడిలో పదోవంతు దగ్గర, హైడ్రోజన్‌లో కొంచెం మీథేన్, మైక్రోవేవ్‌తో దాన్ని ప్లాస్మాగా మండిస్తే మీథేన్‌లోని కార్బన్ కింద 800, 1000 డిగ్రీల మధ్య ఉన్న వజ్రపు పలక మీద పొర పొరగా కూర్చుంటుంది. గ్రాఫైట్‌గా కూర్చున్న కార్బన్‌ని విడిపోయిన హైడ్రోజన్ పరమాణువులు గీకి పారేస్తూ ఉంటాయి, వజ్రాన్ని మాత్రం పెద్దగా ముట్టవు, ఈ పద్ధతి గుట్టంతా ఆ చీపురు పనిలోనే ఉంది. గంటకి పెరిగేది మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్), కాబట్టి రాయికి వారాలు పడుతుంది, కానీ ఒకే గదిలో చాలా పలకలు పక్కపక్కన పెట్టి ఒకేసారి పెంచొచ్చు.

ఇక్కడ ఎంపిక రంగుని బట్టి. హెచ్‌పీహెచ్‌టీలో నైట్రోజన్ దూరి పసుపు వస్తుంది, దాన్ని ఆపడానికి టైటానియం లాంటివి కలిపి నైట్రోజన్‌ని ముందే పట్టేసుకుంటారు, అప్పుడు తెల్లరాయి, కానీ బోరాన్ కొంచెం ఉన్నా నీలి ఛాయ తగులుతుంది. పసుపో నీలమో కావాలనే కోరుకునేవాళ్ళకి ఇదే సులువు. సీవీడీలో తొందరగా పెరగాలని నైట్రోజన్ కలిపితే గోధుమ ఛాయ వస్తుంది, అది పోగొట్టడానికి తర్వాత మళ్ళీ హెచ్‌పీహెచ్‌టీ వేడి పెడతారు, అందుకే ఈ రెండూ శత్రువులు అనుకోవడం సగమే నిజం. హెచ్‌పీహెచ్‌టీ రాయిలో లోహపు చుక్కలు మిగిలితే గట్టి అయస్కాంతానికి స్పందించొచ్చు, సీవీడీలో నల్లటి కార్బన్ చుక్కలు ఉండొచ్చు. కొనేవాళ్ళకి నా సలహా, పద్ధతి పేరు చూసి కొనకండి, రాయి ఛాయ చూసి కొనండి, తర్వాత వేడి ట్రీట్‌మెంట్ ఏమైనా ఇచ్చారో లేదో సర్టిఫికెట్‌లో రాసి ఉందా అని అడగండి. మామూలు డైమండ్ టెస్టర్ పెన్ను రెండింటినీ వజ్రమే అంటుంది, సహజమైందాన్నీ అంతే అంటుంది, ఎందుకంటే మూడూ వజ్రాలే. తేడా తేల్చాలంటే స్పెక్ట్రోస్కోపీ (రాయి వెలుగుని విడదీసి చూసే పరీక్ష) ఉన్న ల్యాబ్‌కే వెళ్ళాలి.

వజ్రంలా మెరిస్తే చాలు అనుకుంటే ఇంకో రెండు ఉన్నాయి. క్యూబిక్ జిర్కోనియా 2750 డిగ్రీల దగ్గర మెల్ట్ అవుతుంది, దాన్ని పట్టే గిన్నె ఈ లోకంలో లేదనే చెప్పాలి. మాస్కోలో లెబెదేవ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 1970ల మొదట్లో దీనికి వేసిన ఉపాయం చూస్తే ముచ్చటేస్తుంది, చుట్టూ నీళ్ళు పారే రాగి గొట్టాలు పెట్టి లోపల పొడిని రేడియో తరంగాలతో కాస్తారు, గొట్టాలకి ఆనుకున్న పొడి కరగకుండా అలాగే పెంకులా ఉండిపోతుంది, మధ్యది మెల్ట్ అవుతుంది, అంటే తన పెంకే తనకి మూస. ఇన్‌స్టిట్యూట్ పొట్టి పేరు ఫియాన్ మీదే రష్యాలో దీన్ని ఫియానిట్ అంటారు. గట్టిదనం 8 పైన, ఏళ్ళు గడిస్తే అంచులు అరిగి మెరుపు తగ్గుతుంది, అదే సైజు వజ్రం కన్నా ఒకటిన్నర రెట్ల పైనే బరువు ఉంటుంది. మోయిసనైట్ అయితే సిలికాన్ కార్బైడు, వేడికి ఆవిరయ్యి మళ్ళీ సీడ్ మీద పేరే రకం, గట్టిదనం 9.25, వజ్రం కన్నా ఎక్కువ రంగులు చిమ్ముతుంది, అది కొంతమందికి నచ్చుతుంది, కొంతమందికి డిస్కో లైటులా అనిపిస్తుంది. రోజూ వేసుకునే ఉంగరానికి ఈ రెండింట్లో నేనైతే మోయిసనైట్ అంటా. పాత టెస్టర్లు దీన్ని కూడా వజ్రమనే చెప్తాయి, లెన్స్‌తో పక్కనుంచి చూస్తే వెనక అంచులు రెండేసి కనిపిస్తాయి, వజ్రంలో అలా కనిపించవు.

అలెగ్జాండ్రైట్ గురించి ఒక్క హెచ్చరిక. అసలుది క్రిసోబెరిల్, దాన్ని చొక్రాల్‌స్కీతోనూ ఫ్లక్స్‌తోనూ పెంచుతారు, పగటి వెలుగులో ఆకుపచ్చ, బల్బు వెలుగులో ఎరుపు. చవగ్గా ఆ పేరుతో దొరికేది చాలావరకు వనేడియం కలిపిన ఫ్లేమ్ ఫ్యూజన్ కురువిందం, అది నీలి ఊదా నుంచి గులాబీ ఊదాకి మారుతుంది గానీ ఆకుపచ్చ జోలికి పోదు.

ఇంట్లో చేసి చూడాలనుకుంటే

పైన చెప్పినవాటిలో ఒక్కటి కూడా ఇంట్లో వద్దు. ఆక్సిజన్ హైడ్రోజన్ మంట, సీసపు ఆవిర్లు, పగిలితే బాంబు అయ్యే ఆటోక్లేవ్, ఇవేవీ వీడియో చూసి మొదలుపెట్టేవి కావు. కానీ ఆ మూడు దారులూ చిన్న సైజులో చేతికి అందుతాయి, నా లెక్కలో రత్నాల పద్ధతులు నిజంగా అర్థమయ్యేది అక్కడే.

డిజాల్వ్ దారికి పటిక. వేడి నీళ్ళలో ఇక కరగదు అన్నంతవరకు పటిక వేసి, వడకట్టి వదిలేస్తే మర్నాటికి అడుగున ఎనిమిది ముఖాల చిన్న క్రిస్టల్స్ కనిపిస్తాయి, అందులో అందమైనదాన్ని సన్నటి నైలాన్ దారానికి కట్టి, మళ్ళీ అలాంటి ద్రావణంలో వేలాడదీసి, దుమ్ము పడకుండా పల్చటి గుడ్డ కప్పి, వేడీ చలీ ఎక్కువ మారని మూల పెట్టాలి. నేను మొదటిసారి ద్రావణం ఇంకా గోరువెచ్చగా ఉండగానే సీడ్ వేలాడదీశాను, పొద్దున లేచి చూస్తే దారం ఒక్కటే వేలాడుతోంది. పూర్తిగా చల్లారాకే పెట్టండి. తొందరపడి ఫ్రిజ్‌లో పెడితే పాలలా తెల్లగా, లోపల నీళ్ళు ఇరుక్కున్న క్రిస్టల్ వస్తుంది, ఫ్లక్స్ కెంపులో మేలిముసుగు మచ్చలు వచ్చేది కూడా ఇలాగే. ముదురు ఊదారంగు క్రోమ్ పటిక క్రిస్టల్ దొరికితే దాన్ని మామూలు పటిక ద్రావణంలో పెంచి చూడండి, లోపల ఊదా, పైన అద్దంలాంటి పొర, లెక్‌లైట్నర్ బెరిల్ మీద పచ్చ పొర కట్టించింది ఇదే సూత్రంతో. మైలుతుత్తం ఇంకా అందంగా వస్తుంది గానీ అది విషం, పిల్లలున్న ఇంట్లో నేనైతే పటికతోనే ఆగుతా.

మెల్ట్ దారికి సలోల్ (ఫినైల్ సాలిసిలేట్) అనే పదార్థం, సుమారు 42 డిగ్రీలకే కరుగుతుంది, గాజు పలక మీద చుక్క కరిగించి చల్లారాక దాని చిన్న నలుసే ఒకటి తాకిస్తే ముఖాలు కళ్ళముందే జరుగుతూ పోతాయి, నిమిషాల పని. ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి.

వాయువు దారికి కర్పూరం. మంట జోలికి పోవద్దు, అసలు వేడి చేయాల్సిన పనే లేదు, మూత గట్టిగా ఉన్న గాజు సీసాలో నాలుగు బిళ్ళలు వేసి ఒక పక్క చల్లగా ఉండేలా కిటికీ దగ్గర పెడితే రోజుల్లో ఆ చల్లటి పక్క గాజు మీద మెరిసే రేకులు మొలుస్తాయి. సీసాని అటు తిప్పి పెట్టండి, ఇంకొన్నాళ్ళకి అవి అక్కణ్ణించి ఖాళీ చేసి ఇవతలి పక్కకి వచ్చేసి ఉంటాయి.